గట్టిగా చదివిన అంకె

కంచం మళ్ళీ నిండుగానే వెనక్కి వచ్చింది.

అక్క దాన్ని బల్ల మీద పెట్టిన విసురుకి చెంచా ఎగిరి కింద పడింది. ఎవరూ వంగి తియ్యలేదు. బావ నీళ్ళ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. చెల్లెలు బండ తన కంచంలో అన్నాన్ని వేళ్ళతో అటూ ఇటూ జరుపుతోంది. తింటే, "పిల్ల పస్తుంటే దీనికి ముద్దెలా దిగుతోందో" అంటుంది అక్క. మానేస్తే, "ఇప్పుడు నీ అలక కూడా నేనే తీర్చాలా" అంటుంది. మింగలేక కక్కలేక అంటే ఏమిటో ఆమెకి ఈ వారమే తెలిసింది.

"తలుపు తీసిందా?" అన్నాడు బావ.

"తీసింది. ఆకలి లేదంది. మళ్ళీ వేసుకుంది."

"స్కూల్లో ఏదైనా తిందేమో..."

"ఏం తింటుంది? పొద్దున నేను పెట్టిన డబ్బా పెట్టినట్టే సాయంత్రం ఇంటికొస్తోంది. అది కడిగేది మీరా, నేనా?"

బావ మళ్ళీ గ్లాసులోకి వెళ్ళిపోయాడు. రోజంతా సిటీ బస్సు నడుపుతూ వీధులు అదిరేలా హారన్ మోగించే మనిషికి ఇంట్లో మాత్రం గొంతు పెగలదు. భార్యకీ మరదలికీ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా ఉండడం ఆయనకి కొత్తేమీ కాదు.

"నువ్వు చెప్పవే బండా," అక్క ఇటు తిరిగింది. "పిల్లల ఆరోగ్యం గురించేగా నీ చదువు? అన్నం మానేసిన పిల్ల చేత అన్నం తినిపించడం ఎలాగో మీ కాలేజీలో చెప్పలేదా?"

బండ అన్నది ఇంట్లో పెట్టిన పేరు కాదు. కుస్తీ హాల్లో పెట్టింది. ఎవరు ఎంత తోసినా కాలు కదలదని అక్కడివాళ్ళు అలా పిలిచేవాళ్ళు, అప్పట్లో ఆ పేరు వింటే ఛాతీ పొంగేది. మోకాలు దెబ్బతిని కుస్తీ ఆగిపోయాక, బడిలో ఆరోగ్యం, వ్యాయామం నేర్పే టీచరు కావాలని శిక్షణలో చేరింది. కాలేజీకి దగ్గరని అక్క ఇంట్లో మకాం పెట్టింది. పాఠాలు చెప్పడం అలవాటు చేసుకోమని కాలేజీవాళ్ళు పంపిన బడి, అక్క కూతురు చదివే బడే అని తెలిసినప్పుడు ఇంటిల్లిపాదీ మురిసిపోయారు కూడా. మురిపెం మూన్నాళ్ళే అయింది.

"నేను కావాలని చెయ్యలేదక్కా."

"కావాలని చేసుంటే నిన్నీపాటికి వీధిలో నిలబెట్టేదాన్ని. అంతమంది పిల్లలు వరసలో ఉండగా నా కూతుర్ని తూకం యంత్రం ఎక్కించి, దాని బరువు గ్రౌండంతా వినపడేలా అరుస్తావా? బజార్లో ఉల్లిపాయలు అమ్మేవాడికి కూడా అంత గొంతు ఉండదే!"

బండ దగ్గర జవాబుంది. చెబితే అక్కకి ఇంకా మండుతుందని చెప్పలేదు. కుస్తీలో పోటీకి ముందు తూకం చూస్తారు. ఎవరి బరువెంతో అవతలి పక్షం చెవిన పడేలా గట్టిగా చదువుతారు. మెల్లగా చదివితే ఏదో మోసం ఉందని గొడవ చేస్తారు. చిన్నప్పటి నుంచి ఆ హాళ్ళలో పెరిగిన మనిషికి తూకం అంటే గట్టిగా చదవడమే. ఆ రోజు క్లాసులో అందరి బరువులూ అలాగే చదివింది. అక్క కూతురి వంతు వచ్చేసరికి, సొంత పిల్లదని మెల్లగా చదివిందంటే పక్షపాతం అంటారేమోనని గొంతు ఇంకాస్త పెంచింది.

వెనక వరసలో ఎవడో "అమ్మో" అన్నాడు. వరస మొత్తం నవ్వింది.

ఆ అంకె ఎంతో నేనిక్కడ చెప్పను. ఒకసారి అరిచింది చాలు. ఆ రోజు నుంచి ఆ పిల్ల మెట్లు దిగితే అంకె, కుళాయి దగ్గర నిలబడితే అంకె. బడిలో పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేకుండా పోయారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం.

"క్షమించమని అడిగావా దాన్ని?" అన్నాడు బావ, కొంచెం ధైర్యం చేసి.

"అడిగాను బావా. చాలాసార్లు అడిగాను."

"ఏమంది?"

బండ కంచం పక్కకి జరిపింది. "సరే టీచర్, అంది."

అక్క చేతిలో గరిట ఒక్క క్షణం ఆగింది. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల నోట పిన్ని తప్ప ఇంకో మాట రాలేదు. "పిన్నీ జడ వెయ్యి, పిన్నీ దీపం ఆర్పకు, పిన్నీ కథ చెప్పు" అంటూ వెంట తిరిగేది. ఇప్పుడు ఇంట్లో కూడా టీచరే. ఉప్పు డబ్బా అందివ్వమన్నా టీచరే.

బావ లేచి కూతురి గది తలుపు దగ్గరికి వెళ్ళాడు. "బంతీ," అని మెల్లగా పిలిచాడు. "బంతీ, ఒక్క ముద్ద తినమ్మా."

"నన్ను ఆ పేరుతో పిలవొద్దు నాన్నా!"

ఆయన చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. పసిపిల్లగా ఉన్నప్పుడు గుండ్రటి బుగ్గలు చూసి ముద్దుగా పెట్టుకున్న పేరది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దానికి ఇంకో అర్థం ఉంటుందని ఆయనకి తోచలేదు. వద్దన్న పేరుతో పిలవడం మనకీ మర్యాద కాదు కాబట్టి ఇక్కడి నుంచి పిల్ల అనే అందాం.

"నీ ఆఖరి పాఠం ఎప్పుడు?" అంది అక్క, గొంతు తగ్గించి. ఆమె గొంతు పెంచినప్పటి కంటే తగ్గించినప్పుడే భయం.

"ఎల్లుండి."

"ఏ క్లాసుకి?"

"దాని క్లాసుకే. తిండి గురించే పాఠం. కాలేజీ మేడం వెనక కూర్చుని చూస్తారు. అది బాగా చెబితేనే నాకు సర్టిఫికెట్."

"మార్పించుకో."

"అడుగుతానక్కా."

"అడగడం కాదు. మళ్ళీ నా కూతురి ముందు నువ్వు నిలబడి తిండి గురించి మాట్లాడావంటే, చెల్లెలివని చూడను. వేరే చోటు చూసుకో."

బావ నోరు తెరిచాడు. అక్క ఒక్క చూపు చూసింది. ఆయన మూసుకున్నాడు.

బండ లేచి కంచం కడిగింది. కింద పడ్డ చెంచా కూడా తీసి కడిగింది. నిన్నటి దాకా ఆమె పడక పిల్ల గదిలోనే, మంచం పక్కన కింద. ఇప్పుడు ఆ పరుపు చుట్ట హాల్లో, సోఫాకీ చెప్పుల స్టాండుకీ మధ్య నిలబెట్టి ఉంది. ఎవరు తెచ్చి పెట్టారో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. ముగ్గురు మనుషులు తిరిగే ఇంట్లో తనతో మామూలుగా మాట్లాడేవాళ్ళు లేరు. కుస్తీలో ఓడినప్పుడు కూడా ఎవరో ఒకరు వచ్చి భుజం మీద తువ్వాలు వేసేవాళ్ళు.

*

మర్నాడు బడిలో ఆటసామాను గదిలో మేడం బంతికి గాలి కొడుతోంది. కాలేజీ నుంచి శిక్షణ చూడటానికి వచ్చే పెద్దావిడ. ఒకప్పుడు ఈతగత్తె. భుజాలు ఇంకా అలాగే ఉన్నాయి, చెవులే కాస్త మందగించాయి. ఆ గదంతా రబ్బరు వాసన, పాత చాపల వాసన.

బండ వచ్చిన పని చెప్పింది. మేడం పంపు ఆపకుండానే విన్నది.

"తూకం యంత్రం ముఖం గోడవైపు తిప్పి పెట్టమని, ఒక్కొక్కరినే లోపలికి పిలవమని, అంకె నువ్వొక్కదానివే చూడమని నేను చెప్పిన రోజు క్లాసులో నవ్వింది ఎవరు?"

"నేనే మేడం."

"ఎందుకు నవ్వావ్?"

"బరువు దాచుకోవడం ఏంటి, దొంగసొత్తా అనుకున్నాను."

"ఊఁ." ఆవిడ బంతిని నేలకేసి కొట్టి చూసింది. సరిగా ఎగరలేదు. మళ్ళీ పంపు అందుకుంది. "పాఠం మార్చను. క్లాసు మార్చమంటే మారుస్తాను, పెద్ద పని కాదు. కాకపోతే ఒకటి ఆలోచించుకో. నువ్వు మళ్ళీ వాళ్ళ ముందుకి రాకపోతే, ఆ పిల్లలు నీ నోట విన్న ఆఖరి మాట ఆ అంకే అవుతుంది. నీకు సరేనా?"

బండ నేల మీద పడున్న తాడు తీసి చుట్టసాగింది.

"ఇంకోటి. తిండి గురించి పాఠం చెబితే, అయ్యాక ఎవరో ఒక పిల్ల నీ దగ్గరికొస్తుంది. ఎవరికీ చెప్పొద్దు టీచర్ అంటుంది. ఏం చేస్తావ్?"

"దాచుతానని మాట ఇవ్వను మేడం. ప్రమాదం అనిపిస్తే చెప్పాల్సినవాళ్ళకి చెప్పి తీరతాను. ఆ సంగతి ఆ పిల్లకి ముందే చెప్తాను."

"పరీక్షలో అందరూ అలాగే రాస్తారు," అంది మేడం.

బండ కిటికీ దగ్గరికి జరిగింది. బయట పిల్లలు గ్రౌండు చుట్టూ పరిగెడుతున్నారు. అందరి కంటే వెనక, కానీ ఆగకుండా, పిల్ల కూడా పరిగెడుతోంది. మిగతావాళ్ళు అలిసిపోయి నీడలోకి చేరినా ఆమె ఆగలేదు. ఇంకో చుట్టు అందుకుంది.

బండకి ప్రాణం లేచొచ్చింది. "చూడండి మేడం, మా అక్క కూతురు! ఎప్పుడూ మూల బెంచీ వదలనిది, ఎలా పరిగెడుతోందో!"

మేడం కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. "ఈ ఎండలో ఆ స్వెటర్ ఏమిటి?"

"సిగ్గుపడుతోందేమో మేడం. ఒళ్ళు కనపడకుండా. నా వల్లే."

"కావచ్చు." మేడం ఇంకాసేపు చూసింది. "మా కాలంలో ఒక మాట చెప్పేవాళ్ళు. టీచరెప్పుడూ ఎండకి ఎదురుగా నిలబడాలి, ఎండ పిల్లల కళ్ళలో పడకుండా. పిల్లలకి నువ్వు బాగా కనపడతావు. నీ కళ్ళకి మాత్రం నీళ్ళు కారతాయి, పిల్లలు సరిగా కనపడరు. అందుకని దగ్గరికెళ్ళి చూడాలి."

బండ నీళ్ళ సీసా పట్టుకుని గ్రౌండులోకి పరుగెత్తింది. పిల్ల ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. పెదవులు పొడిబారి అంచులు లేచాయి.

"కొంచెం తాగు. గొంతెండిపోతుంది."

"వద్దు టీచర్."

"ఒక్క గుక్కే."

"వద్దన్నాను కదా టీచర్." పిల్ల ఆగలేదు. పక్కనుంచి ఇద్దరు పిల్లలు అదే అంకె అని కిసుక్కున నవ్వారు. ఆ అంకె విన్నప్పుడు పిల్ల తల వంచుకోలేదు. గడ్డం ఇంకాస్త పైకెత్తి పరిగెత్తింది. అది చూసి బండకి గర్వంగా కూడా అనిపించింది. మన రక్తమే అనుకుంది. ఎంత పిచ్చి మనసు!

బడిలో టీచరని పిలవడం తప్పేమీ కాదు. అలా సర్దిచెప్పుకుంటూనే ఆమె వెనక్కి నడిచింది. క్లాసు మార్చొద్దని మేడంతో చెప్పేసింది. అక్కతో ఏం చెప్పాలో మాత్రం తోచలేదు.

*

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క తను పనిచేసే మందుల షాపు నుంచి ఇంకా రాలేదు. బావ బస్సు దిగలేదు. హాల్లో చెప్పుల స్టాండు దగ్గర పిల్ల బూట్లు ఉన్నాయి. గది తలుపు తీసే ఉంది, లోపల ఎవరూ లేరు.

స్నానాలగదిలో నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఆ ధార కింద ఇంకో చప్పుడు.

ధబ్. ధబ్. ధబ్.

బండ చేతిలో సంచీ జారిపోయింది. ఆ చప్పుడేమిటో ఆమె చెవులకి చెప్పక్కర్లేదు. మూసిన గదిలో, వేడి నీళ్ళ ఆవిరిలో, ఆగకుండా గెంతే కాళ్ళ చప్పుడది. పోటీల ముందు రోజు, చెమట పట్టించి బరువు దింపుకోవడానికి, హాస్టల్లో ప్రతి తలుపు వెనకా అదే చప్పుడు.

"తలుపు తియ్యి!"

చప్పుడు ఆగింది.

"తియ్యమంటున్నానా! తియ్యకపోతే విరగ్గొడతాను, నా సంగతి నీకు తెలుసు."

గడియ కదిలింది. ఆవిరి గుప్పున ముఖాన కొట్టింది. పిల్ల స్వెటర్ మీద ఇంకో జాకెట్ వేసుకుని, దాని జిప్పు గడ్డం దాకా లాక్కుని నిలబడి ఉంది. నీలం జాకెట్. మోచేతి దగ్గర కుట్టు వేసింది బండ చేత్తోనే. కుస్తీ జట్టుది. సూట్‌కేసు అడుగున ఉందనుకుంటోంది ఇన్నాళ్ళూ.

బండ వంగి కుళాయి కట్టేసింది. "ఇది నాదే కదా?"

"మీదే టీచర్. ఉతికి ఇచ్చేస్తాను."

"జాకెట్ సంగతి కాదు. ఎవరు చెప్పారు నీకు ఇలా చెయ్యమని? ఆ క్లాసు పిల్లలా? ఫోన్లో చూశావా?"

పిల్ల ఆమె వైపు వింతగా చూసింది. ఇంత తెలిసిన విషయం అడుగుతోందేమిటా అన్నట్టు.

"నువ్వే చెప్పావు."

బండ గట్టు మీద కూర్చుండిపోయింది.

నిజమే. ఆమే చెప్పింది. దీపం ఆర్పాక, ఆమె కింద పరుపు మీద, పిల్ల మంచం మీద. ఏ కథ చెప్పమన్నా చివరికి పిల్ల ఆ కథకే వచ్చేది. తూకానికి ముందు పిన్ని జాకెట్ల మీద జాకెట్లు వేసుకుని గెంతిన కథ. తిండీ నీళ్ళూ మానుకున్న కథ. అంకె సరిపోయిందని వినగానే హాలంతా చప్పట్లు కొట్టిన కథ. కోచ్ చేతికిచ్చిన నిమ్మచెక్క ఎంత తియ్యగా ఉందో చెప్పేటప్పుడు పిల్ల నవ్వేది, "నిమ్మకాయ తియ్యగా ఉంటుందా పిన్నీ!" అని. చెప్పని సంగతి ఒకటుంది. ఆ మర్నాడు హాస్టల్ మెట్ల మీద కళ్ళు తిరిగి పడి, ఆస్పత్రిలో కళ్ళు తెరవడం. గెలిచిన కథ మధ్యలో అదెందుకులే అని ఎప్పుడూ దాటేసింది.

"ఒకసారి పడిపోయాను," అంది ఇప్పుడు. "మెట్ల మీద. సెలైన్ ఎక్కించారు. చాలా రోజులు నిలబడలేకపోయాను. నీకు చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

బండ చెయ్యి చాపి, చుక్కలు కారుతున్న కుళాయి మళ్ళీ బిగించింది.

"నన్ను ఆపడానికి ఇప్పుడు కల్పిస్తున్నావు," అంది పిల్ల. "అప్పుడైతే అన్నీ చెప్పావుగా. కష్టపడితే అంకె మన మాట వింటుందన్నావు. నేను వినిపిస్తున్నాను, అంతే."

"అది పోటీ. అది వేరు."

"ఇది కూడా పోటీయే. రోజూ మెట్ల దగ్గర పోటీయే. నీకేం తెలుసు?"

ఆవిరి పల్చబడింది. అద్దం మీద నీళ్ళు కారుతున్నాయి. పిల్ల చెయ్యి గోడకి ఆనించుకుంది. నిలబడటానికే ఆనించిందని బండకి తెలుస్తోంది. లేచి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"ముందు ఇది తాగు."

"తూకం అయ్యాక."

"ఏ తూకం?"

పిల్ల దగ్గరగా వచ్చింది. ముఖంలో అలక పోయింది. ఆ చోట ఆశ. అలక కంటే అదే చూడలేకపోయింది బండ.

"రేపు నీ పాఠం కదా. మళ్ళీ తూకం పెట్టు. అందరి ముందే. అప్పటిలాగే గట్టిగా చదువు. ఇంకా గట్టిగా. వాళ్ళందరూ వినాలి. ఆ పాత అంకె పోవాలి. తర్వాత అన్నీ తింటాను, ఒట్టు. అమ్మ ఎంత పెడితే అంత." ఊపిరి తీసుకుంది. "ఒక్కరోజే. అమ్మకి చెప్పకు."

బండ గ్లాసు పట్టుకుని నిలబడింది.

"చెప్పవు కదా, పిన్నీ?"

ఆ మాట కోసం ఎన్ని పూటలు ఎదురుచూసిందో! తలుపు అవతల నిలబడి, కంచం ముందు కూర్చుని, హాల్లో పరుపు మీద గోడకి చెవి ఆనించి. అది ఈ రూపాన వస్తుందనుకోలేదు. పిల్ల చల్లటి వేళ్ళు ఆమె మణికట్టు పట్టుకున్నాయి. ఎంత బక్క చెయ్యి అయిపోయింది!

కుస్తీ హాల్లో ఒకరి గుట్టు ఒకరు బయటపెట్టరు. ఎవరు తిండి మానినా, ఎవరు మాత్రలు మింగినా, కోచ్‌కి తెలియదు, ఇంట్లోవాళ్ళకి తెలియదు. చెప్పినవాళ్ళతో మళ్ళీ ఎవరూ కుస్తీ పట్టరు. ఆ కట్టు తప్పలేదు కాబట్టే ఆమె ఆ హాల్లో అన్నేళ్ళు బండగా నిలబడింది. ఆమె మెట్ల మీద పడిన రోజు కూడా, ముందే తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. అందరూ మంచివాళ్ళే. ఎవరూ చెప్పలేదు.

వీధి తలుపు తాళం తిరిగింది.

"ఏమే, ఇంట్లో ఈ ఆవిరేంటి? ఎవరు లోపల?" అక్క గొంతు. సంచీ కింద పెట్టిన చప్పుడు. "ఆ మేడంని అడిగావా? క్లాసు మార్చిందా?"

పిల్ల వేళ్ళు బిగుసుకున్నాయి. "ఏం లేదని చెప్పు," అంది పెదవులతోనే. "పిన్నీ, ప్లీజ్."

ఏం లేదని చెబితే ఈ రాత్రికి పరుపు మళ్ళీ గదిలోకి వెళ్తుంది. దీపం ఆర్పాక పైనుంచి కథ చెప్పమని ఎవరో అడుగుతారు. చెబితే, అక్క అన్నంత పనీ చేస్తుంది. ఇల్లు పోతుంది. దానికంత బాధ లేదు, గదులు ఎక్కడైనా దొరుకుతాయి.

"నేను దాచలేను," అంది బండ. పిల్లతోనే అంది, కళ్ళలోకి చూస్తూ, ముందే చెప్పాలి కాబట్టి. "నీ మీద కోపంతో కాదు. నేను దాచలేను."

పిల్ల చెయ్యి వదిలేసింది.

"అక్కా!" బండ గొంతు పగిలినట్టు వచ్చింది. ఆ రోజు గ్రౌండులో అంకె చదివినప్పుడు ఎంత సునాయాసంగా వచ్చిందో, ఇప్పుడు అంత కష్టంగా. "అక్కా, ఒక్కసారి ఇలా రా. ఊరికే కాదు. తొందరగా రా."

హాల్లోంచి అడుగులు పరుగందుకున్నాయి.

పిల్ల నీలం జాకెట్ జిప్పు కిందికి లాగింది. విప్పింది. ఒళ్ళు వణుకుతున్నా దాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టింది. బండ చేతిలో నీళ్ళ గ్లాసు తీసుకుని గట్టు మీద పెట్టి, ఖాళీ అయిన ఆ చేతుల్లో జాకెట్ ఉంచింది.

"సరే టీచర్," అంది.